ఆత్రేయపురము పేరునకు అంతర్జాలమున రక్షణ యెంత?

2023 జూన్ మాసమున చెన్నైలోని భౌగోళిక సూచికల రిజిస్ట్రీ ఆత్రేయపురం పూతరేకులను తన పట్టిక కెక్కించినప్పుడు కోనసీమ యెల్ల సంతసించినది. కొత్తపేట నియోజకవర్గములో, గౌతమీ వసిష్ఠల నడుమ, మధ్య డెల్టా మొదలగుచోట నున్న ఆ గ్రామపు పేరు జనుల నాలుకపై ఏనాడో స్థిరపడినదే. దానికి చట్టము ముద్ర పడుట మాత్రమే క్రొత్త. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకొన్న తయారీదారుల సంక్షేమ సంఘము దరఖాస్తు చేయగా, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమువారు న్యాయపరముగ తోడ్పడిరి. తిరుపతి లడ్డూకు 2009లోను, బందరు లడ్డూకును బనగానపల్లె మామిడికిని 2017లోను దక్కిన గుర్తింపే దీనికిని దక్కినది. అయితే ఈ పేరు నేడు ఆత్రేయపురము వీధిలో కంటె ఎంతో విశాలమైన బజారున, కొనువాడు అమ్మువాని ముఖము చూడని బజారున, మారకమగుచున్నది. ఆ బజారు కట్టుబాట్లు ఢిల్లీ న్యాయస్థానములలో కొంతయు, అమెరికాలోని సంస్థల కార్యాలయములలో కొంతయు, అమ్మకపు వేదికల నిబంధనావళులలో మిక్కిలిగను నిర్ణయమగుచున్నవి. చెన్నైలో పొందిన పత్రము అచ్చట ఏపాటి పనికివచ్చునో పరిశీలింపవలసి యున్నది.

ముందుగా వస్తువును దగ్గరనుండి చూడవలెను. బోర్లించిన కుండ లోపల ఎండు కొబ్బరాకు మంట. జయ బియ్యము నానబెట్టి రుబ్బిన పలుచని పిండినీటిలో ముంచిన గుడ్డను రెండుచేతుల నడుమ సాగదీసి, కాగిన కుండ వీపుపై ఒక్కమారు పరచి లాగుట. లాగిన మరుక్షణమే వెన్నెల తునుకవలె ఒక పొర కుండపై తేలుట. ఇంతే పని. కాని పిండి చిక్కదనమును మంట వాలకమును చేతికి తెలిసినవారికి గాని రేకు చిరుగక రాదు. పొగలో కూర్చుండి ఈ రేకు తీయువారిలో స్త్రీలే అధికము. ఆ రేకులను కొని, నేయి రాసి, పంచదార పొడియో బెల్లపు తురుమో జీడిపప్పు పలుకులో చల్లి, మడచి, డబ్బాలకెత్తి అమ్మువారు తరచుగ వేఱు. వర్తకమునందలి ఈ రెండంచెలను మరచి చట్టమును చర్చించిన ప్రయోజనము లేదు. ఎందుకో ముందు తెలియగలదు.

1999లో పార్లమెంటు చేసి, 2003 సెప్టెంబరు 15 నుండి అమలులోనికి తెచ్చిన భౌగోళిక సూచికల చట్టము 'పూతరేకులు' అను సామాన్య నామముపై ఎవ్వరికిని గుత్తాధికార మీయలేదు. హైదరాబాదులో తయారుచేసి, హైదరాబాదు పూతరేకులని అమ్ముకొను మిఠాయి వర్తకుని తప్పుపట్టుటకు వీలులేదు. నిషిద్ధమైనది, ఆత్రేయపురముతో సంబంధము లేనిదానికి ఆ ఊరి పేరు తగిలించి కొనువానిని భ్రమింపజేయుట. ఆ నేరమునకు ఆరునెలలనుండి మూడేండ్లవరకు ఖైదును, ఏబదివేలనుండి రెండులక్షల రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. కనుక చట్టము కాగితముపై మెత్తనిది కాదు. చిక్కు లెల్లయు వస్తువు ఊరు దాటినతరువాత పుట్టును. ఖాళీ రేకులు కట్టలు కట్టలుగా బయటికి పోవుచున్నవి. ఆత్రేయపురములో తీసిన రేకును వేరొక నగరమున వేరొక నేతితో మడచినయెడల అది ఆత్రేయపురం పూతరేకగునా? రిజిస్ట్రీకి సమర్పించిన వర్ణనను, అందలి తయారీ విధానమును, హద్దులను ముందుంచుకొని తేల్చవలసిన ప్రశ్న యిది. రావులపాలెము రహదారి ప్రక్కన నిలిచిన కొనుగోలుదారుడు కనీసము అడిగి తెలిసికొనగలడు. ఫోను తెరపై బొమ్మ చూచి కొనువానికి ఆపాటి ఆధారమును లేదు.

ఆన్‌లైన్ వేదికలో ఎవడో ఒక విక్రేత ఈ పేరును అక్రమముగ వాడుకొనెనని యనుకొందము. సంఘమువారు ఎవరిని నిలదీయవలెను? విక్రేత ఎచ్చటివాడో, వేదికయేమో, 'మేము మధ్యవర్తులము, సరకు మాది కాదు' అని సమాచార సాంకేతిక చట్టము 79వ సెక్షనును చూపును. 2015 నాటి శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు, కోర్టు ఉత్తరువో ప్రభుత్వ ప్రకటనయో చేరినప్పుడు గాని మధ్యవర్తికి 'తెలిసినట్లు' కాదని చెప్పినది. వాక్స్వాతంత్ర్యమునకు అది చక్కని రక్షయే; కాని పండుగ గిరాకీ పదిరోజులలో ముగిసిపోవు మిఠాయికి కోర్టు ఉత్తరువు తెచ్చులోపల పండుగయే దాటిపోవును. 2018లో క్రిస్టియన్ లుబూటాన్ పాదరక్షల వ్యాజ్యమున ఢిల్లీ హైకోర్టు, సరకు నిలువచేయుట, కట్టుట, ప్రచారము చేయుట వంటి పనులలో చురుకుగా పాల్గొను వేదిక ఈ రక్షణను కోల్పోవచ్చునని అభిప్రాయపడినది. రెండేండ్లు తిరుగకమునుపే, 2020 జనవరిలో, ఆమ్వే వివాదమున అదే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనము అట్టి విభజన చట్టములో లేదనినది. ఇంతకన్న విచిత్రము మరియొకటి: తక్కిన చట్టములపై తనదే పైచేయి యని చెప్పు సమాచార సాంకేతిక చట్టము 81వ సెక్షనునకు తరువాత చేర్చిన మినహాయింపు కాపీరైటును, పేటెంటును మాత్రమే పేర్కొన్నది. సినిమాపాటకును మందుబిళ్ళకును దొరకిన ఆ ఆసరా ట్రేడుమార్కుకును భౌగోళిక గుర్తింపునకును దొరకలేదు. దీనికి సరియైన కారణము నాకు తోచదు.

వెబ్‌సైటు చిరునామాల సంగతి ఇంకను జటిలము. డొమైను పేరును ట్రేడుమార్కువలెనే కాపాడవలెనని మన దేశమున సుప్రీంకోర్టు తేల్చిచెప్పినది ఒక తెలుగు సంస్థకు సంబంధించిన వ్యాజ్యములోనే: హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ వారి అనుబంధసంస్థయైన సత్యం ఇన్ఫోవే, తన 'సిఫీ' పేరును పోలిన పేరు పెట్టుకొన్నవారిపై 2004లో గెలిచినది. కాని అది ఒక కంపెనీ పేరు. ఊరి పేరునకు అంత సుళువు లేదు. ప్రపంచవ్యాప్తముగ డొమైను తగవులు తీర్చుటకు, ఇంటర్నెట్ పేర్ల నిర్వహణ చూచు ఐకాన్ సంస్థ 1999లో ఏర్పరచిన విధానము ట్రేడుమార్కునే ప్రమాణముగ గొనును. అందుచేతనే ఫ్రాన్సుదేశపు షాంపేన్ ఉత్పత్తిదారుల సంఘము వంటి ఘనులు సైతము 'షాంపేన్ డాట్ కో' అను చిరునామాకై 2011లో ఫిర్యాదుచేసి ఓడిపోయిరి. అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమున సారాయములకును ద్రాక్షాసవములకును తక్కిన వస్తువుల కంటె మిన్నయైన రక్షణ కలదు. అట్టివారికే చేయి చాపి రిక్తహస్తము తప్పనప్పుడు మన మిఠాయి మాట చెప్పనేల! కొంత ఊరట యేమనగా, డాట్ ఇన్ చిరునామాలకు 2005 నుండి నడచు మన వివాద పరిష్కార విధానము ట్రేడుమార్కుతోపాటు 'పేరు' అను మాటను సైతము పేర్కొన్నది. సంఘమువారు ఆ ద్వారము తట్టి చూడవచ్చును.

ఈ నియమముల చర్చ తెలుగునేలపై జరుగక పోలేదు. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున ఇంటర్నెట్ పరిపాలనా వేదిక 2008 డిసెంబరులో హైదరాబాదున సమావేశమైనది. 2016 నవంబరులో ఐకాన్ సభయు అక్కడనే జరిగినది. అమెరికా ప్రభుత్వపు పర్యవేక్షణనుండి ఆ సంస్థ విడివడిన పిదప జరిగిన మొదటిసభ అది. కోనసీమ చిరువర్తకుని గోడు ఆ మహాసభలలో వినిపించి యుండునని నేననుకొనను. ఇంటర్నెట్ పరిపాలన యనగా నేమో ఈ సీమవారికి బోధపడినది 2022 మే నెలలో. జిల్లా పేరు మార్పుపై మే 24న అమలాపురములో అల్లర్లు చెలరేగగా ప్రభుత్వము ఇంటర్నెట్ సేవలను నిలిపివేసినది. పదిరోజులు దాటినను పూర్తిగ పునరుద్ధరింపలేదు. ఇంటినుండి ఉద్యోగము చేయువారు సిగ్నలుకొరకు గోదావరి గట్టులు పట్టి తిరిగిరి. ఇంటర్నెట్ ద్వారా వ్యాపారము చేయుట రాజ్యాంగరక్షణ గల స్వేచ్ఛయని 2020 జనవరి 10న అనురాధా భసీన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పియుండెను. శాంతిభద్రతల అవసరమును కాదనువాడను కాను; కాని వదంతులు మాన్పుటకు యావత్తు జిల్లా వర్తకమును స్తంభింపజేయుట మితిమీరిన చర్యయే.

ఇక చేయదగిన పని. చట్టముప్రకారము రిజిస్టరుకు రెండు భాగములు: మొదటిదానిలో పేరును దాని యజమానియైన సంఘమును, రెండవదానిలో ఆ పేరు వాడుకొనుటకు అర్హులైన అధీకృత వినియోగదారులును. పేరును వాడుకొను హక్కు ఈ రెండవ పట్టికలో నున్నవారిది. 2020లో నియమములు సవరించి, అందులో చేరుటకు రుసుమును 500 రూపాయలనుండి 10 రూపాయలకు తగ్గించిరి. ఇంత చవుకయైనను జాగ్రత్త యొకటి కావలెను. ఉత్పత్తిదారుడను మాటకు చట్టమిచ్చిన నిర్వచనములో తయారుచేయువాడేకాక ఆ సరకుతో వర్తకము చేయువాడును చేరును. కావున దరఖాస్తు వ్రాయనేర్చిన దుకాణదారుడు ముందుగా పట్టికకెక్కి, కుండ ముందు కూర్చున్న స్త్రీ వెలుపల మిగులుట సంభవమే. సంఘము ఇంటింటికి పోయి ముందు రేకు తీయువారిని నమోదు చేయవలెను. వేదికల విషయమునను ఒక మార్గము కన్పట్టుచున్నది. ఆహారపదార్థమమ్ము ప్రతి విక్రేతనుండియు ఆహారభద్రతా సంస్థవారి పదునాలుగంకెల లైసెన్సు సంఖ్యను వేదికలు అడుగుచునే యున్నవి. ఫిర్యాదును 48 గంటలలో స్వీకరించి నెలలోపల పరిష్కరింపవలెనని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు శాసించుచునే యున్నవి. గుర్తింపు పొందిన ఊరి పేరు వాడు విక్రేత తన అధీకృత సంఖ్యను సైతము చూపవలెనని ఆ నియమములకు ఒక్క వాక్యము చేర్చినచో, కోర్టులకెక్కు పని చాలవరకు తప్పును. అందుకు క్రొత్త చట్టము అక్కరలేదు, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ సవరణ చాలును. అమలాపురము లోక్‌సభ సభ్యుడును, కొత్తపేట శాసనసభ్యుడును ఈ ఒక్క వాక్యముకొరకు పట్టుబట్టవలెనని కోరుచున్నాను.