చెరువు కాలవలు బాగు చేసుకున్నవాళ్లం, మిద్దె తూము చూసుకోలేమా?



అక్టోబరు వస్తే మనకు ఈశాన్య రుతుపవనం మొదలవుతుంది. శివకాశి, విరుదునగర్, కోవిల్పట్టి పక్కల ఏడాదంతా ఎదురుచూసే వాన ఎక్కువగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. అందుకే ఈసారి మిద్దె తూముల గురించి, రేకుల ఇళ్ల చూరు కింద ఉండే దోనెల గురించి రాస్తున్నాను. సంఘం ఉన్నది పిల్లల చదువు సాయానికి, పెళ్లి సంబంధాలకు, మన మాట నిలుపుకోవడానికి కదా, తూములు కూడా సంఘమే చూడాలా అని కొందరు అడుగుతారు. చూడాలనే నేనంటాను.

2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. అప్పుడు అందరం గొట్టాలు పెట్టించాం, గుంతలు తవ్వించాం. గొట్టం పెట్టమని చట్టం చెప్పగలదు గానీ, ఏటేటా మిద్దెక్కి వేపాకు తీసేది చట్టం కాదు. తూము మూసుకుపోయిన ఇంటికి గొట్టం ఉన్నా లేనట్టే.

లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్ల నీళ్లు. తూము బాగుంటే అవి మన బావికో గుంతకో పోతాయి. మూసుకుపోతే అదే నీరు నాలుగున్నర టన్నుల బరువై మిద్దె మీద కూర్చుంటుంది. లారీ నీళ్లు డబ్బిచ్చి కొనుక్కునే ఊళ్లలో ఇది ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

మన ఊళ్లకు ఇంకొక చిక్కుంది. దీపావళి వానల మధ్యలో వస్తుంది. టపాకాయల కాగితం ముక్కలు వీధిలోనే కాదు, మిద్దెల మీదా పడతాయి. వాన తగిలితే అవి నాని, గొట్టం వంపులో ముద్దగా పేరుకుని, ఎండితే గట్టిపడతాయి. చాలామంది పండుగ మర్నాడు మిద్దెను నీళ్లతో కడిగేస్తారు. అది మంచిది కాదు. కడిగితే చెత్తంతా తూములోకే పోతుంది, మందు కూడా బావిలో కలుస్తుంది. పొడిగా ఉన్నప్పుడే చీపురుతో ఊడ్చి ఎత్తేయాలి. మొదటి వాన నీళ్లను బయటికి వదిలేసి, తర్వాతివే గుంతకు మళ్లించాలి.

మనది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లు తీస్తుంది. దోనె పొంగి గోడ పక్కనే నీళ్లు కారుతుంటే పునాది కింద నేల ఒకవైపు ఉబ్బి, గోడ బీటలు వారుతుంది. మేస్త్రీని తిట్టే ముందు ఒకసారి చూరు వైపు చూడడం మంచిది. దోనెలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్డు పెడితే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. ఆ దోమ మన ఇంట్లోనే ఆగదు, పక్కింటికీ పోతుంది.

2023 డిసెంబరు వాన ఎవరూ మరిచిపోలేదు. కాయల్‌పట్టణంలో ఒక్కరోజులో 95 సెంటీమీటర్లు పడింది. కోవిల్పట్టి కూడా తల్లడిల్లింది. అంత వానకు ఏ దోనే చాలదు, నిజమే. కానీ ప్రతి ఏడూ వచ్చే వాన అంతది కాదు. మామూలు వానకే ఇల్లు కారుతోందంటే అది మన చేతిలో ఉన్న పనే.

మన పెద్దలు ఈ మెట్టనేలకు వచ్చి స్థిరపడ్డ కథను ఇడైసెవల్ వాసి కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు. ఇలాంటి నేలలో చెరువు నిండితేనే బతుకు. అందుకే కుడిమరామత్తు అని ఊరంతా కలిసి చెరువు పూడిక తీసేవారు, కాలవలు బాగు చేసుకునేవారు. ఇంటికొక మనిషి పనికి వచ్చేవాడు. ఇప్పుడు మన చెరువు మిద్దె, మన కాలవ ఆ గొట్టం. అప్పుడు కలిసి చేసిన పనిని ఇప్పుడు ఎవరింటిది వాళ్లదే అని వదిలేశాం.

అలా వదిలేయడం వల్ల ఎక్కువ కష్టపడేది మన పెద్దవాళ్లు. పిల్లలు చెన్నైలోనో బెంగళూరులోనో ఉంటారు, ఇక్కడ అవ్వాతాతలే మిగిలారు. వాళ్లు నిచ్చెన ఎక్కకూడదు. ఎక్కి పడితే తుంటి ఎముక విరుగుతుంది.

కాబట్టి నా మాట ఇది. ఏటా రెండు ఆదివారాలు సంఘం తరఫున పెట్టుకుందాం. ఒకటి వానలకు ముందు, ఇంకొకటి దీపావళి తర్వాత. ఒంటరిగా ఉన్న పెద్దల ఇళ్ల పట్టిక ముందే రాసుకుందాం. మన కుర్రాళ్లు ఇద్దరిద్దరుగా పోవాలి. ఒకరు నిచ్చెన పట్టుకోవాలి, చేతులకు తొడుగులుండాలి. సిమెంటు రేకుల మీద ఎవరూ కాలు పెట్టకూడదు, అవి విరుగుతాయి. తూముకు జల్లెడ లేని ఇళ్లకు ఒకటి బిగించి రావాలి.

ఖర్చు పెద్దగా ఉండదు. ఏ వీధికి ఎవరు వస్తారో కింద రాయండి. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దలెవరైనా ఉంటే మాత్రం పేర్లు ఇక్కడ పెట్టకుండా కార్యదర్శికి ఫోన్ చేసి చెప్పండి.