ఎనిమిదితో ఆపారు

నేను లండన్‌లో పుట్టాను. తెలుగు సొంతంగా నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి.

1984లో వచ్చిన ‘ఎలైట్’ ఆట చూస్తే నాకు గుణింతాలు గుర్తొస్తాయి. అందులో గ్రహాల పేర్లు ఎవరూ కూర్చుని రాయలేదు. ఇంగ్లీషు అక్షరాల జతలను కంప్యూటరే కలిపి పేర్లు పెడుతుంది. అలా 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 గ్రహాలు! అదే లెక్కతో ఇంకా ఎన్నో గెలాక్సీలు చేయొచ్చు. కానీ ఎనిమిదితో ఆపారు. నాకు నచ్చింది ఆ ఆపడమే. ఎక్కడ చాలో మనిషి చెప్పాడు.

ఇప్పుడు ఆటల్లో ఊరివాళ్ళ మాటలు కూడా ఏఐతో పుట్టిస్తున్నారు. ఎంత అడిగితే అంత మాట్లాడతారు. నాకు ఇది వద్దు. మా అమ్మమ్మ ఫోన్‌లో రోజూ ఒకటే అడుగుతుంది, “తిన్నావా నాన్నా?” అని. రోజూ జవాబు చెప్తాను. ఆటలో అలుపు లేకుండా మాట్లాడే కొట్టువాడిని మాత్రం స్కిప్ నొక్కేస్తాను.