గారెలు వేగే వేళకు బిరడా తీయండి

పోయిన డిసెంబరులో న్యూజెర్సీలో మా మేనల్లుడి పెళ్లిరోజుకి వెళ్లాను. కేకు కోశారు, బిరడా ఎగిరింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఇటలీ ప్రొసెక్కో. కేకు ముక్క నోట్లో ఉండగానే ఒక గుక్క తాగి, "ఇదేంటి మావయ్యా ఇంత పుల్లగా ఉంది? మొన్న తాగితే బాగానే ఉందే" అన్నాడు వాడు. సీసా మంచిదే, జత కుదరలేదు.

లడ్డూ తిన్న నోటితో బత్తాయి తొన తింటే ఎంత తియ్యటి కాయైనా పుల్లగానే తగులుతుంది. ఇక్కడ జరిగిందీ అదే. సీసా మీద 'బ్రూట్' అని ఉంటే ఆ వైన్‌లో చక్కెర లీటరుకు 12 గ్రాములు దాటదు. కేకు తీపి ముందు ఆ కాస్తా తెలియకుండా పోయి పులుపే మిగులుతుంది. అన్నట్టు, 'ఎక్స్‌ట్రా డ్రై' అన్న మాట చూసి బ్రూట్ కన్నా తీపి తక్కువనుకుని కొంటారు చాలామంది. అది బ్రూట్ కన్నా తియ్యగా ఉంటుంది, 12 నుంచి 17 గ్రాములు. పేరు పెట్టినవాళ్లు కొనేవాళ్లకు చేసిన అన్యాయం ఇది.

ప్రొసెక్కోను ఎలా తాగాలో వెనిస్ వాళ్లను చూసి నేర్చుకోవాలి. అక్కడ సందుల్లో 'బకారో' అనే చిన్న దుకాణాలుంటాయి. సాయంత్రం అక్కడ నిలబడే తింటారు. వేయించిన చిన్న రొయ్యలు, స్క్విడ్ ముక్కలు, ఎండబెట్టిన కాడ్ చేపను ఆలివ్ నూనెతో వెన్నలా గిలక్కొట్టి రొట్టె మీద పరిచిన ముద్ద. పక్కన గ్లాసులో ఉత్తరాది కొనెలియానో, వాల్డొబ్బియాదెనె కొండల్లో పండే గ్లేరా ద్రాక్షతో చేసిన ప్రొసెక్కో. 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ కొండలనే.

వేపుడు తిన్నప్పుడు నూనె నాలుకకు పొరలా అంటుకుంటుంది. వైన్‌లోని పులుపు, బుడగలు ఆ జిడ్డును కడిగేస్తాయి. వేపుడులోని ఉప్పు వైన్ పులుపును మెత్తబరుస్తుంది. అందుకే పదో ముక్క కూడా మొదటి ముక్కలాగే రుచిస్తుంది. మనం వేపుడు పక్కన చారు పోసుకునేదీ ఇందుకే కదా!

ఫ్రాన్స్ షాంపేన్ తీరు వేరు. అది సీసాలోనే రెండోసారి పులిసి, ఈస్ట్ మడ్డితో కనీసం 12 నెలలు ఉంటుంది. దానికి కాల్చిన రొట్టె వాసన అబ్బేది అలాగే. నేతిలో వేయించిన జీడిపప్పుకీ, పుట్టగొడుగులకీ అది బాగా నప్పుతుంది. మన నాసిక్‌లో సులా చేసే బ్రూట్ కూడా సీసాలో పులిసేదే.

మనవాళ్లు ముఖ్యంగా పొరబడేది కారం దగ్గర. చల్లటి బుడగలు మంటను ఆర్పుతాయనుకుంటారు. ఆ బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ నోటి తడిలో ఆమ్లంగా మారి తానే చురుక్కుమనిపిస్తుంది, ఆల్కహాల్ దానికి తోడవుతుంది. మిరపకాయ బజ్జీ మీద బ్రూట్ తాగితే కన్నీళ్లే. కారం తప్పని ఇంట్లో మొస్కాటో దాస్తి తెచ్చుకోండి. తియ్యగా ఉంటుంది, బుడగ తక్కువ, ఆల్కహాల్ 5 శాతం దరిదాపుల్లోనే. కేకు పక్కన పెట్టదగ్గదీ అదే.

అలవాటు లేనివారిని మొదలుపెట్టమని నేను చెప్పను. ఎలాగూ సీసా కొని తెచ్చేవారికే ఈ మాట. ముందు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. పచ్చిమిర్చి వేయని మినప గారెలో, ఉప్పూ మిరియాలూ పట్టించిన వంజరం ముక్కలో నూనెలోంచి తీస్తుండగా బిరడా తీయండి. కేకు తర్వాత కోసుకోవచ్చు.