సీరియల్‌కు పోతే ద్రోహమా?

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో హరిశ్చంద్ర వేషం కట్టే ఒక కుర్రాడికి హైదరాబాదు నుంచి టీవీ సీరియల్ పిలుపు వచ్చిందనుకుందాం. మర్నాటి నుంచే గొణుగుడు మొదలు. కళను అమ్ముకున్నాడట! రంగస్థలానికి ద్రోహం చేశాడట!

అనేదెవరు? ఒకటో తారీఖున జీతం అందుకుని, ఆదివారాలు రిహార్సల్ చేసి, పరిషత్తు పోటీల్లో షీల్డు గెలుచుకొచ్చే మన ఉద్యోగ మిత్రులే. వాళ్ల నాటకాభిమానాన్ని శంకించడం లేదు. సాంఘిక నాటకం ఈమాత్రం బతికి ఉందంటే వాళ్ల పుణ్యమే. కానీ నెల జీతగాడు రోజుకూలీకి త్యాగం బోధిస్తే ఎవరు వింటారు?

పౌరాణిక నటుడి బతుకు చూడండి. నవమి, దసరా, ఊరి జాతర. తెల్లవార్లూ గొంతు చించుకుని పద్యం అందుకోవాలి. ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ పాడాలి. మెచ్చినవాళ్లు చదివించే నోట్లే అదనపు రాబడి. వేషాలు, హార్మోనియం, ప్రయాణం ఖర్చులు పోగా మిగిలేది కాస్తే. నాటకాలు లేని నెలల్లో ఏ పని దొరికితే ఆ పనికి పోవాలి.

ఇది ఈనాటి గొడవా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సురభి నుంచే సినిమాకు మనుషులు పోయారు. 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి సురభి కమలాబాయే. ఆమెను ద్రోహి అన్నామా? గర్వంగా చెప్పుకుంటున్నాం! సురభి బాబ్జీకి 2013లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. ఆయన 2022లో కన్నుమూశారు. పతకం పెద్దాయనకు దక్కింది సరే, తెర లాగేవాడి పొయ్యి సంగతేమిటి?

అలాగని టీవీని నెత్తిన పెట్టుకోమనడం లేదు. 1995లో ఈటీవీ, జెమిని వచ్చినప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. సీరియల్‌కు కావలసింది ముఖం. పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన ముఖానికి ఇక్కడి గొంతు అతికించడం మామూలైపోయింది. పద్యం గొంతుతో బతికిన నటుడికి అక్కడ పనేమిటి? పైగా అదీ రోజు లెక్కే. కథలో పాత్రను చంపేస్తే మర్నాడు ఇంటి దారే.

ఇక సర్కారు. 2023 డిసెంబరులో గుంటూరులో నంది నాటకోత్సవం పెట్టారు. వారం రోజుల దీపాలు! తక్కిన యాభై ఒక్క వారాల మాటేమిటి? 2022 జనవరిలో ‘చింతామణి’ని నిషేధించడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. నాటకం నచ్చకపోవచ్చు, అది వేరే చర్చ. ఆ సుబ్బిశెట్టి వేషంతో బతికేవాడి కూలికి ఉత్తర్వు ఏది?

సర్కారును నిలదీద్దాం. ముందు మన ఊళ్లో ఉత్సవ కమిటీలను అడుగుదాం. రేటు కాగితం మీద రాయండి. వేషం విప్పకముందే డబ్బు చేతిలో పెట్టండి. విద్యార్థి మిత్రులారా, కాలేజీ వార్షికోత్సవానికి డీజేకు పోసే డబ్బులో సగం పెడితే ఒక సమాజం వచ్చి ఆడుతుంది కదా!

ఆ కుర్రాడు సీరియల్‌కు పోతానంటే పోనివ్వండి. నవమి రాత్రికి మాత్రం తిరిగి రమ్మనండి. ఆ మాట ఉత్త చేతులతో అనకండి, అడ్వాన్సు పట్టుకుని అనండి.