వాషింగ్ మెషీన్‌లో నురగ ఎక్కువైందా? తప్పు అమ్మది కాకపోవచ్చు

నేను ఇక్కడ ఎక్కువగా ఫోన్ల గురించి, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటా. ఈసారి టాపిక్ వాషింగ్ మెషీన్. నవ్వకండి. ఇంట్లో బాగా డబ్బు పెట్టి కొనే గ్యాడ్జెట్ ఇది, వారానికి నాలుగైదు సార్లు వాడతాం. అయినా రివ్యూల్లో "ఏఐ వాష్ ఉంది, వైఫై ఉంది, డిజైన్ బాగుంది" అని చెప్పి వదిలేస్తాం. అసలు టెస్ట్ చేయాల్సింది ఇంకొకటి ఉందని నాకు రెండు నెలల కిందట తెలిసొచ్చింది.

నేను ఉండేది బెంగళూరులో, అమ్మానాన్న హైదరాబాద్‌లో. ఇంట్లో ఉన్నది 7 కేజీల ఫ్రంట్ లోడ్, నాలుగేళ్ల కిందట నా జీతంలో దాచి కొన్నది. ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, మెషీన్ నిండా నురగే. గంటలో అయ్యేది రెండు గంటలైనా అవట్లేదు. బట్టలు నీళ్లోడుతూ వస్తున్నాయి" అంది. నేను స్టాండప్ కాల్‌లో ఉన్నా. "పౌడర్ ఎక్కువ వేస్తున్నావమ్మా, తగ్గించు" అన్నా. "నాలుగేళ్లుగా అదే స్కూప్‌తో రెండే వేస్తున్నా రా" అంది. నేను వినిపించుకోలేదు. పెట్టేశా.

తర్వాత ఎవరో టెక్నీషియన్ వచ్చి, పది నిమిషాలు చూసి, బోర్డు పోయింది, మార్చడానికి 9 వేలు అవుతుందన్నాడు. నాన్న కొత్త మెషీన్ కోసం ఎక్స్ఛేంజ్ ఆఫర్లు వెతకడం మొదలుపెట్టారు. ఈలోపు అమ్మ దుప్పట్లతో సహా అన్నీ బాత్రూంలో చేత్తోనే ఉతికింది. నడుం పట్టేసింది. ఆ సంగతి తను చెప్పలేదు, నాన్న చెప్పారు. ఆ శుక్రవారం రాత్రి బస్సెక్కా.

ముందు చూసినవి

డిటర్జెంట్ ప్యాకెట్ చూశా. ఫ్రంట్ లోడ్‌దే. బకెట్ వాష్ పౌడర్ అయితే అక్కడే దొరికిపోయేది, ఎందుకంటే ఫ్రంట్ లోడ్ పౌడర్లలో నురగ తగ్గించే పదార్థాలు కలుపుతారు. డ్రాయర్‌లో పౌడర్ మెయిన్ వాష్ అరలోనే వేస్తోంది. కింద మూలన ఉండే డ్రెయిన్ ఫిల్టర్ తీశా. ఒక రూపాయి బిళ్ల, రెండు హెయిర్ పిన్నులు వచ్చాయి కానీ నీళ్లకు అడ్డేమీ లేదు.

అప్పుడు బట్టలు లేకుండా, పౌడర్ లేకుండా ఖాళీగా 60 డిగ్రీల సైకిల్ పెట్టా. పది నిమిషాల్లో గ్లాస్ మీద నురగ! అంటే ఈ నురగ ఇవాళ్టిది కాదు. పాత సైకిళ్లలో పోకుండా మెషీన్ లోపల మిగిలిపోయిన డిటర్జెంట్.

నాలుగేళ్లు రానిది ఇప్పుడెందుకు వస్తోంది? కోడ్ మారకుండా యాప్ క్రాష్ అవుతుంటే మనం ఏం చూస్తాం? ఎన్విరాన్‌మెంట్ మారిందేమో చూస్తాం. మెషీన్ అదే, పౌడర్ అదే, స్కూప్ అదే. ఇక మిగిలింది నీళ్లు.

"నీళ్లేం మారలేదు" అని నాన్న టీడీఎస్ పెన్ తీసుకొచ్చి చూపించారు. 600 పైన ఉంది, ఇదివరకూ అంతే. అసోసియేషన్ వాళ్లు మెయింటెనెన్స్ పెంచి మరీ సాఫ్ట్‌నర్ ప్లాంట్ పెట్టారట, టీడీఎస్ ఒక్క పాయింట్ కూడా తగ్గలేదని ఆయన వాట్సాప్ గ్రూప్‌లో గొడవ కూడా పెట్టుకున్నారు.

అదీ సంగతి. సాఫ్ట్‌నర్ టీడీఎస్ తగ్గించదు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసేసి వాటి బదులు సోడియం వదులుతుంది. నీటిలో కరిగినవాటి లెక్క దాదాపు అంతే ఉంటుంది కాబట్టి పెన్‌లో నంబర్ మారదు. కానీ నీటి కాఠిన్యం పడిపోతుంది. ఇన్నాళ్లూ ఆ బోరు నీళ్లు అమ్మ వేసిన పౌడర్‌లో కొంత భాగాన్ని మింగేసేవి. ఇప్పుడు మింగేవాళ్లు లేరు. ఆ రెండు స్కూపుల బలం మొత్తం డ్రమ్ములోనే ఉంటోంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. తను ఏమీ మార్చలేదు.

నురగతో మెషీన్‌కి ఇబ్బందేంటి?

నురగ ఎక్కువుంటే బట్టలు బాగా శుభ్రమవుతాయనేది బకెట్ రోజుల నమ్మకం. ఫ్రంట్ లోడ్ తక్కువ నీళ్లతో పనిచేస్తుంది. డ్రమ్ము తిరిగేటప్పుడు బట్టలు పైనుంచి కిందకి పడి, ఆ దెబ్బకి మురికి వదులుతుంది. మధ్యలో నురగ ఉంటే పరుపు మీద పడ్డట్టే, దెబ్బ తగలదు. డ్రెయిన్ పంపు నీళ్లు తోడగలదు కానీ గాలి నిండిన నురగని సరిగ్గా తోడలేదు. స్పిన్ అప్పుడు లోపలి డ్రమ్ముకీ బయటి టబ్‌కీ మధ్య చేరిన నురగ బ్రేక్ వేసినట్టు పట్టేస్తుంది. మోటార్ స్పీడ్ అందుకోలేదు. దాంతో మెషీన్ స్పిన్ ఆపి మళ్లీ రిన్స్ చేస్తుంది. అందుకే 12 నిమిషాలున్న టైమర్ మళ్లీ 40కి వెళ్లేది. టెక్నీషియన్‌కి బోర్డు పోయినట్టు కనిపించింది కూడా ఇదే అయ్యుంటుంది.

మీ ఇంట్లో ఇదే జరుగుతుంటే

1. సైకిల్ ఆపి, ఒక గంట వదిలేయండి. నురగ చాలావరకు దానంతటదే అణుగుతుంది. నీళ్లు వేడిగా ఉంటే చల్లారేదాకా తలుపుగానీ ఫిల్టర్‌గానీ తెరవద్దు.
2. డ్రెయిన్ చేసి, పౌడర్ లేకుండా రిన్స్ ప్లస్ స్పిన్ పెట్టండి. గ్లాస్ మీద నురగ కనిపించనంత వరకు రిపీట్ చేయండి. మాకు మూడుసార్లు పట్టింది.
3. కింద ట్రే పెట్టుకుని ఫిల్టర్ శుభ్రం చేయండి. డ్రాయర్ కూడా బయటకి తీసి కడగండి.
4. టవళ్లు, దుప్పట్లు ఒకసారి పౌడర్ లేకుండా ఉతకండి. వాటిలోనే బోలెడు డిటర్జెంట్ ఉంటుంది.
5. తర్వాత మీరు వేసే డోసులో సగంతో మొదలుపెట్టండి. సగం లోడ్ అయితే ఇంకా తగ్గించండి.
6. ఇల్లు మారినా, అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌నర్ పెట్టినా, బోరు నుంచి మున్సిపల్ నీళ్లకి మారినా డోసు మళ్లీ చూసుకోండి. టీడీఎస్ పెన్‌ని నమ్మొద్దు, కాఠిన్యం చూసే స్ట్రిప్స్ విడిగా దొరుకుతాయి.

వెనిగర్ పొయ్యమని చాలామంది చెప్తారు. నేను పొయ్యలేదు. అది పదేపదే పడితే రబ్బర్‌కి మంచిది కాదు. బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ప్రమాదం.

ఇప్పుడు అమ్మ ఒక్క స్కూప్ వేస్తోంది. సైకిల్ గంటలో అయిపోతోంది. బోర్డు అదే. సారీ చెప్తే "నేను ఫోన్‌లోనే చెప్పానుగా" అని ఊరుకుంది.

నా కంప్లైంట్

మెషీన్‌కి నురగ సంగతి తెలుసు. తెలిసింది కాబట్టే రిన్స్ పెంచింది, స్పిన్ ఆపింది. కానీ ఆ విషయం అమ్మకి చెప్పలేదు. కొన్ని మోడల్స్ చెప్తాయి, అదీ మూడక్షరాల కోడ్‌లో. ఆ చిన్న డిస్‌ప్లేలో ఎస్ అక్షరం అంకె 5 లాగా కనిపిస్తుంది. మాన్యువల్ వెతికితే తప్ప అర్థం కాదు. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎర్రర్‌ని పట్టుకుని, లాగ్ చేయకుండా మింగేస్తే కోడ్ రివ్యూలో ఎవరైనా ఒప్పుకుంటారా?

"మెషీనే సర్దుకుంటోంది కదా, యూజర్‌కి ఎందుకు తలనొప్పి" అని కంపెనీలు అనొచ్చు. ఒకట్రెండు సార్లయితే ఓకే. కానీ చెప్పకపోతే జరిగేదేంటంటే, బట్టలు జిగటగా వస్తాయి, శుభ్రం కాలేదనుకుని మనం ఇంకాస్త పౌడర్ వేస్తాం, నురగ ఇంకా పెరుగుతుంది. ప్రతి సైకిల్‌కీ నీళ్లు, కరెంటు వృథా. చివరికి మంచి మెషీన్ స్క్రాప్‌కి పోతుంది.

ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. చాలా డిష్‌వాషర్లలో నీటి కాఠిన్యం సెట్టింగ్ ఉంటుంది. డిటర్జెంట్‌ని తనే తీసుకునే ఆటో డోస్ వాషింగ్ మెషీన్లు కొన్నింటిలోనూ ఉంది. మామూలు మోడల్‌లో కనీసం "నురగ ఎక్కువైంది, ఈసారి పౌడర్ తగ్గించండి" అని ఒక లైటో, యాప్‌లో ఒక లైనో, అదీ తెలుగులో ఇస్తే చాలు. సైకిల్ అయిపోగానే పాట పాడే మెషీన్‌కి ఈ ఒక్క మాట చెప్పడం కష్టమా?

మన రివ్యూయర్ల తప్పు కూడా ఉంది. ఫోన్‌ని కింద పడేసి, నీళ్లలో ముంచి టెస్ట్ చేస్తాం. వాషింగ్ మెషీన్‌లో కావాలని డబుల్ డోస్ వేసి అది ఏం చెప్తుందో ఎందుకు చూడం? నా తర్వాతి వాషింగ్ మెషీన్ రివ్యూలో ఆ టెస్ట్ ఉంటుంది. ఏమీ చెప్పకుండా టైమర్ పెంచుకుంటూ పోయే మెషీన్‌కి, వైఫై ఉన్నా సరే, మార్కులు కట్.

ఈలోపు ఇంటినుంచి "మెషీన్ పాడైందిరా" అని ఫోన్ వస్తే, "పౌడర్ తగ్గించు" అనే ముందు "మన నీళ్లేమైనా మారాయా అమ్మా?" అని అడగండి.