అడ్వాన్సు తీరేదాకా

ఎల్బీనగర్ దాటి నాగార్జునసాగర్ రహదారి వెంట తుర్కయంజాల్ వైపు వెళితే కొత్త కాలనీలతోపాటు కార్లు కడిగే షెడ్లు, లాండ్రీలు, క్యాటరింగ్ వంటశాలలు కనిపిస్తాయి. నడిపేవారు మన బంధుమిత్రులే కావచ్చు. పనివారిలో దూర రాష్ట్రాల యువకులూ ఉంటారు. వారికో, వారిని తెచ్చిన దళారికో ముందుగా కొంత అడ్వాన్సు ముడుతుంది. అది తీరేదాకా కదలరాదన్న మాటతోనే వెట్టి మొదలవుతుంది.

2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుండి పోలీసులు 200 మందికి పైగా బాలలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహార్ పిల్లలు. అవీ చిన్న గదులలో నడిచిన చిన్న వ్యాపారాలే.

వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లోనే అటువంటి బాకీలను రద్దు చేసింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పనీ బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. "ఇష్టపడే ఉంటున్నాడు కదా" అన్న సమర్థన అక్కడ నిలవదు.

కనుక పనివాని ఆధార్, ఫోను అతని వద్దనే ఉండాలి. జీతం దళారికి కాక అతని చేతికే, చెప్పిన రోజునే అందాలి. కూలి ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధ మనకు కంఠస్థమే. నెలాఖరున మాత్రం "లెక్క చూద్దాం" అంటాము!

జకాత్ వెచ్చించవలసిన ఎనిమిది పద్దులలో దాస్యవిముక్తి ఒకటి. అది గతించిన కాలానిదని మనలో చాలామంది భావిస్తున్నాం. యజమాని చెప్పే బాకీ తీర్చడానికి ఆ సొమ్ము అక్కరలేదు. చట్టం దాన్ని ఏనాడో కొట్టివేసింది. విడుదలైనవాడు ఇల్లు చేరి, మళ్లీ దళారి గడప తొక్కకుండా నిలదొక్కుకోవడానికి మన సాయం కావాలి. అటువంటివారు కంటబడితే జిల్లా కలెక్టరుకు, పిల్లలైతే 1098కు తెలపాలి.