శిస్తు కొలిచిన ఓటు

పెద్దారవీటి మెట్టరైతు నేడు పదునెనిమిదేండ్లు నిండినంతనే ఓటరగుచున్నాడు. నీ భూమి యెంత, శిస్తు యెంత యని అడుగువారు లేరు. వందయేండ్ల క్రిందట ఈ హక్కు పట్టాను జూచి యిచ్చెడివారు. ఆ చరిత్రను మన పఠనమందిరములలో మరల చదువుకొనవలెనని మేము కోరుచున్నాము. ఏలయన నేటి మన నీటికరవునకును ఆనాటి కొలబద్దకును సంబంధము కలదు.

1919 నాటి చట్టము ననుసరించి మద్రాసు శాసనసభకు తొలియెన్నికలు 1920 నవంబరులో జరిగెను. పెద్దారవీడు అప్పుడు కర్నూలు జిల్లా మార్కాపురము తాలూకాలోనిది. నాలుగుకోట్లకు మించిన ప్రజగల రాజధానిలో ఓటర్లు సుమారు 12½ లక్షలు మాత్రమే. పల్లెటూరి రైతువారీ పట్టాదారునకు ఓటు కావలెనన్న, సాలుకు పది రూపాయలకు తక్కువకాని శిస్తువిలువగల భూమి యుండవలెను. కాలువక్రింది మాగాణికి శిస్తు హెచ్చు; వాననమ్మిన మెట్టకు శిస్తు తక్కువ. కావున డెల్టాలో కొలదిపాటి భూమితో ఓటరైన రైతున కెదురుగా, మన మెట్టతాలూకాలలో అంతకు పెక్కురెట్లు దున్నువాడును ఓటునకు దూరుడయ్యెను. నీరున్నచోట ఓట్లు పెరిగినవి. నీరు లేనివాని గోడు చెప్పు నోరు తగ్గినది.

గెలిచినవారికైనను నీటిపై అధికారమున్నదా? లేదు. ఆ ద్వంద్వపరిపాలనలో విద్య, వైద్యము, స్థానికస్వపరిపాలనము మంత్రుల కిచ్చి, భూమిశిస్తును నీటిపారుదలను గవర్నరు తన కార్యనిర్వాహకసభ చేత నుంచుకొనెను. 1920లో కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరింపగా జస్టిసుపక్షము మంత్రివర్గము నేర్పరచెను. పానుగంటి రాజావారు 1921 మొదలు 1926 వరకు ప్రధానమంత్రిగా నుండిరి. 1926లో స్వరాజ్యపక్షము పెద్దపక్షముగా వచ్చియు పదవులను స్వీకరింపలేదు. సుబ్బరాయన్ గారి స్వతంత్ర మంత్రివర్గము నడచెను. 1930లో జస్టిసువారు మరల వచ్చిరి. పక్షములు మారినవి, మంత్రులు మారిరి. తుంగభద్ర మాత్రము కాగితముపైననే పారుచుండెను. దాని కట్టడమునకు 1945లోగాని శంకుస్థాపన జరుగలేదు.

1935 చట్టముతో ద్వారము కొంత తెరువబడెను. రాష్ట్రశాఖలన్నియు మంత్రుల చేతికి వచ్చెను. ఓటర్ల సంఖ్య అరువదిలక్షలు దాటెను; చదువను వ్రాయను నేర్చుటయు ఓటున కొక అర్హతయయ్యెను. పలకలకు పేరొందిన మార్కాపురమువారికి ఈ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1937 ఎన్నికలలో శాసనసభయందలి 215 స్థానములలో కాంగ్రెసునకు 159 దక్కెను. జులైలో రాజాజీ ప్రధానిగా మంత్రివర్గ మేర్పడెను. టంగుటూరి ప్రకాశము పంతులుగారు రెవిన్యూ మంత్రి.

స్వరాజ్యము సమీపించిన కొలదియు మనవారిలో నొక శంక పొడసూపెను. ఆంధ్రరాష్ట్రము వేరుపడినచో ఓట్ల బలముగల సర్కారుజిల్లాలు రాయలసీమ మాట విందురా యన్నదే ఆ శంక. ఇది ద్రోహబుద్ధి కాదు. పదియేడేండ్లు కొలబద్దచేత వంచింపబడినవాని జాగ్రత్త. దానికి సమాధానముగనే 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగులో ఒడంబడిక వ్రాయబడెను. కృష్ణా తుంగభద్రా పెన్నానదుల నీటిలో రాయలసీమకును నెల్లూరునకును మొదటిపాలు, శాసనసభలో జిల్లాకు జిల్లాకు సమప్రాతినిధ్యము, రాజధాని హైకోర్టులలో నొకటి సీమకు: ఇవి అందలి ముఖ్యాంశములు.

కంటికి కనబడు షరతు నెరవేరినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధాని యయ్యెను. మూడేండ్లకే అదియు హైదరాబాదునకు తరలెను. నీటి షరతునకు పూచీదారు లేడు. అది పెద్దమనుష్యుల మాట. చట్టము కాదు, బడ్జెటు కాదు. 1970లో మార్కాపురము గిద్దలూరు ప్రాంతములు కర్నూలునుండియు, కనిగిరి పొదిలి ప్రాంతములు నెల్లూరునుండియు విడివడి ఒంగోలుజిల్లాలో చేరెను. ఒడంబడిక పేర్కొనిన భూములే ఇవి. జిల్లా పేరు మారినంత మాత్రమున బాకీ మాఫీయగునా?

వెలిగొండకు 1996లో శంకుస్థాపన. నాలుగున్నర లక్షల యెకరములకు నీరిత్తుమని సంకల్పము. ఇరువదియెనిమిదేండ్లకు, 2024 మార్చిలో, సొరంగములకు ప్రారంభోత్సవము. ఆ దినమున పొలములకు నీరు పారలేదు, ఊళ్లు వదలవలసిన నిర్వాసితులకు పరిహారము పూర్తిగా ముట్టలేదు. జలాశయపు కట్టలలో నొకటి నిలిచిన సుంకేసుల పెద్దారవీడు మండలములోనిదే. ఊరినిచ్చువాడును, నీరు కోరువాడును మన పొరుగువారే.

“ఇపుడు ఎల్లరకు ఓటున్నది గదా, పాతకథ లేల?” యని కొందరందురు. నిజమే. శిస్తు కొలబద్ద పోయినది. నాడు నామినేషనుతోగాని సభ మెట్టెక్కలేని నిమ్నజాతులవారికి 2009 మొదలుగా మన యెఱ్ఱగొండపాలెము స్థానమే రిజర్వయినది. అది చిన్న లాభము కాదు. అయినను ఓటు వచ్చిన పిదప దానితో ఏమడుగవలెనో నేర్చితిమా? నాడు ఓటులేక నీరడుగలేకపోతిమి. నేడు ఓటుండియు కులమును, డబ్బును, జెండాను జూచి వేసి, ఎన్నిక ముగిసినపిదప నీరడుగుచున్నాము.

శ్రీబాగు నేర్పిన పాఠ మొక్కటే. మాట యెంత మంచిదైనను, దానిని వసూలు చేయు ప్రజ మేల్కొని యుండనిచో అది అలమారులోని కాగితము. కావున ఓటడుగవచ్చిన ప్రతి అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను, మన గ్రంథాలయపు అరుగుమీద కూర్చుండబెట్టి మూడు ప్రశ్నలడుగుడు: నిర్వాసితునికి సొమ్మెప్పుడు? కాలువ మా పొలిమేరకెప్పుడు? ఈ సాలు బడ్జెటులో అందుకు ఎంత? ప్రత్యుత్తరములను తేదీతో వ్రాసి గోడకంటింపుడు. మరుసటి యెన్నికవరకు దానిని చింపనీయకుడు.